చైత్రంలో కోసే కూరకు మాఘంలోనే వైద్యం

సంక్రాంతి వెళ్ళింది. బావి కిందనో, బోరు కిందనో అర ఎకరం, ఎకరం కూరగాయలు పండించుకొనే చిన్న రైతులు ఇప్పుడు వేసవి పంటకు నేలను సిద్ధం చేసుకొంటున్నారు. జనవరి రెండవ పక్షం నుంచి ఫిబ్రవరి నెలాఖరు లోపల బెండ, బీర, సొర, కాకర, దోస విత్తుతారు. ఉగాది ప్రాంతానికి తొలి కోతలు మొదలవుతాయి. వసంత ఋతువులో మన కంచంలోకి వచ్చే కూర ఈ శిశిరంలోనే రూపు దిద్దుకొంటున్నదన్నమాట.

ఇది వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పవలసిన విషయం కదా, వైద్యునికి దీనితో ఏమి పని అని మీరు అడగవచ్చు. నా సమాధానం ఇది. ఏప్రిల్ నెలలో ఆ మడిలో పురుగుమందు ఎన్నిసార్లు కొట్టవలసి వస్తుందన్నది ఏప్రిల్‌లో నిర్ణయమయ్యే విషయం కాదు. విత్తనం పడకముందు చేసే పనుల వల్ల, చేయక వదిలివేసే పనుల వల్ల అది ఇప్పుడే చాలావరకు నిర్ణయమైపోతుంది. మందు కొట్టే రైతు నరాలకు, ఆ కూర తినే పిల్లవాని కడుపుకు సంబంధించిన నిర్ణయం కనుక, అది వైద్యుని విషయం కూడా అవుతుంది.

బెండకాయ లెక్క

ప్రతి పురుగుమందు లేబుల్ మీద ఒక గడువు ముద్రించి ఉంటుంది. మందు చల్లిన తరువాత అన్ని రోజులు గడిస్తే తప్ప కాయ కోయరాదని దాని అర్థం. మందును బట్టి, పంటను బట్టి ఈ గడువు మారుతుంది. ఆ లోపల మందు క్షీణించి, తినేవారికి హాని చేయని స్థాయికి తగ్గుతుందన్నది అందులోని శాస్త్రం. మంచి నియమమే. కాని దీనిని బెండ మడిలో అమలు చేసి చూడండి.

బెండ కాపుకు వచ్చిన తరువాత రోజు విడిచి రోజు కోయవలసిందే. ఒక్క కోత తప్పినా కాయ ముదిరి పీచు పడుతుంది. ముదిరిన కాయను చెట్టున వదిలితే తరువాతి కాపు తగ్గుతుంది. లేబుల్ మీద ఏడు రోజుల గడువు ఉన్నదనుకొందాం. ఈ రోజు కోత ముగించి సాయంత్రం మందు చల్లిన రైతు ఎల్లుండి కోతను, ఆ తరువాతి కోతను, దాని తరువాతి కోతను కూడా కోసి పారబోయవలసి ఉంటుంది. మూడు కోతల రాబడిని వదులుకొనే స్తోమత అర ఎకరం రైతుకు ఉన్నదా? లేదు. అందువల్ల నిన్న మందు చల్లిన కాయ ఈ రోజు సంతకు వస్తుంది. ఆ రైతును దుర్మార్గుడని నిందించడం తేలిక. నిజానికి పాటించడం అసాధ్యమైన నియమాన్ని అతని చేతిలో పెట్టి, మనం చేతులు దులుపుకొన్నాము.

కాబట్టి కోతలు మొదలైన తరువాత మందు అవసరమే రాకుండా చూసుకోవడం ఒక్కటే ఆచరణకు నిలిచే మార్గం. ఆ మార్గం విత్తనానికి ముందు మొదలవుతుంది. కాపు మీద పురుగు పడిన తరువాత దానిలో అడుగు పెట్టలేము.

మొదట నష్టపోయేది ఎవరు?

కూరగాయల మీద మందుల అవశేషాలను గురించి పట్టణాలలో చర్చ ఎక్కువగా జరుగుతున్నది. మంచిదే. కాని మందును అందరికంటె ముందుగా, అందరికంటె ఎక్కువగా తీసుకొనే శరీరం దానిని చల్లే మనిషిది. ఈ మాట మనం తరచు మరచిపోతాము.

ఆర్గానోఫాస్ఫేట్ వర్గానికి చెందిన మందులు మన నాడీమండలంలోని కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పనిచేయకుండా చేస్తాయి. నరం నుంచి కండరానికి, గ్రంథికి అందిన సంకేతాన్ని ఆపవలసిన ఎంజైము అది. అది పనిచేయకపోతే సంకేతం ఆగక కొనసాగుతుంది. నోట చొంగ, ఒళ్ళంతా చెమట, వాంతులు, విరేచనాలు, సూదిమొనలా ముడుచుకొనిపోయిన కంటిపాపలు, కండరాల అదురు కనిపిస్తాయి. చివరకు ఊపిరితిత్తులలో స్రావాలు నిండి, శ్వాస కండరాలు సడలి ప్రాణం పోతుంది. మందు తాగితేనే ఇది జరుగుతుందని చాలామంది భావిస్తారు. అది పొరపాటు. చర్మం ద్వారా కూడా మందు ఒంటిలోకి ఇంకుతుంది. ముంజేతి చర్మం కంటె తల మీది చర్మం, దానికంటె గజ్జలలోని, వృషణాల మీది చర్మం ఎన్నో రెట్లు వేగంగా మందును పీల్చుకొంటాయి. వీపున మోసే పంపు మూత వద్ద కారితే తడిసేది నడుము కింది భాగమే. ఏప్రిల్ ఎండలో చెమట పట్టిన చర్మం మందును మరింత పీల్చుతుంది. ఆ ఎండ వల్లనే రైతు చొక్కా విప్పి పంచె ఎగగట్టి మందు కొడతాడు.

2017లో మహారాష్ట్రలోని యవత్‌మాళ్ జిల్లాలో పత్తి చేలకు మందు కొట్టిన రైతులు, కూలీలు పలువురు మరణించారు. ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు. వారు మందు తాగినవారు కారు, చేలో పని చేసినవారు.

వేసవిలో మరొక చిక్కు ఉన్నది. మడిలో పనిచేస్తూ పడిపోయిన మనిషిని ఎండదెబ్బ తగిలినవానిగా భావించి, నీడన పడుకోబెట్టి మజ్జిగ తాగించి కాలం గడుపుతారు. ఆ రోజు మందు కొట్టిన మనిషికి చెమటతో పాటు నోట చొంగ, చిన్నబడిన కంటిపాపలు, కండరాల అదురు కనిపిస్తే అది ఎండదెబ్బ అనుకోవద్దు. వెంటనే తడిసిన బట్టలు విప్పి, ఒళ్ళంతా సబ్బునీటితో కడగండి. సహాయం చేసేవారు చేతులకు తొడుగులు వేసుకోవాలి. వాంతి చేయించవద్దు. పాలు, నూనె, మజ్జిగ ఏదీ నోట పోయవద్దు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోన్ చేయండి. మందు సీసా లేబుల్‌ను వెంట తీసుకువెళ్ళండి. వైద్యునికి అన్నిటికంటె ముందు కావలసినది ఆ లేబుల్ మీది పేరే. అట్రోపిన్ సకాలంలో అందితే బతికే మనుషులు ఆలస్యం వల్ల పోతున్నారు.

కడిగితే పోదా?

ఉప్పునీటిలో నానబెట్టండి, చింతపండు పులుసుతో కడగండి అన్న సలహాలు మీకు నిత్యం వినిపిస్తూనే ఉంటాయి. పారే నీటిలో బాగా రుద్ది కడగడం అవసరమే. మట్టి, క్రిములు, పైపైన ఉన్న మందు కొంతవరకు పోతాయి. చెక్కు తీస్తే మరికొంత పోతుంది. కాని అంతర్వాహక మందులు మొక్క రసంలో కలిసి కాయలోకి ప్రవేశిస్తాయి. మోనోక్రోటోఫాస్ అటువంటిదే. లోపలికి చేరినదానిని ఏ నీరూ కడగలేదు. వంటింటి గిన్నెలో చేసే శుద్ధికి హద్దు ఉన్నది. అసలైన శుద్ధి మడిలో జరగవలసినదే.

చట్టం ఈ విషయంలో నిద్రపోలేదు. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. అయినా ఇతర పంటల కోసం ఆ సీసా అంగడిలో దొరుకుతూనే వచ్చింది. పత్తికని కొన్న సీసా వంగ మడిలోకి వెళ్ళకుండా కాపలా కాసేది ఎవరు? ఎక్కువగా వాడకంలో ఉన్న 36 శాతం ద్రావణాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు రావడానికి 2023 వరకు పట్టింది. ఈ మధ్యకాలంలో, 2013 జులైలో, బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు 23 మంది మరణించారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసి ఉన్నదని పరీక్షలో తేలింది. సీసా ఉన్న చోట ప్రమాదం ఉన్నది. అది పంటకు పనికివచ్చినా రాకపోయినా, ఇంటిలో ఒక క్షణికావేశానికో, ఒక పసివాని చేతికో అందుబాటులో ఉంటుంది. మడిలో అవసరం తగ్గితే ఇంటిలో సీసాలు తగ్గుతాయి. దీనిని నేను కేవలం వ్యవసాయ లాభంగా చూడలేను.

ఇప్పుడు చేయవలసిన పనులు

మొదటి పని మట్టి పరీక్ష. మడిలో ఎనిమిది, పది చోట్ల ఆంగ్లాక్షరం ‘వి’ ఆకారంలో ఆరంగుళాల గుంట తీసి, పక్క నుంచి పలుచగా మట్టి గీకి, అంతా కలిపి, అందులో అరకిలో నీడన ఆరబెట్టి భూసార పరీక్షా కేంద్రానికి ఇవ్వండి. దీనికీ ఆరోగ్యానికీ సంబంధం ఏమిటంటారా? అవసరానికి మించి యూరియా వేసిన మొక్క లేతగా, ఏపుగా పెరుగుతుంది. రసం పీల్చే పురుగులకు అటువంటి మొక్క మీదనే మక్కువ. లెక్క తెలియని యూరియా బస్తా వెనుకనే మందు సీసా వస్తుంది.

రెండవది దుక్కి. పాత పంట మోళ్ళు, తెగులు సోకిన తీగలు మడిలో మిగలరాదు. బీర, కాకర, దోస కాయలను పాడుచేసే పండు ఈగ పురుగు, కాయ నుంచి రాలి నేలలోనే కోశస్థ దశ గడుపుతుంది. లోతుగా దున్ని నేలను ఎండనిస్తే ఆ కోశాలు పైకి వచ్చి ఎండకు, పక్షులకు బలి అవుతాయి.

మూడవది ఎరువు. బాగా చివికిన పశువుల ఎరువునే వాడాలి. పచ్చి పేడ వేరుపురుగునూ, కలుపునూ మోసుకువస్తుంది. ఆకుకూరల మడిలో అది పేగు వ్యాధులకు కూడా కారణం కాగలదు. 90 కిలోల చివికిన ఎరువుకు 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి కలిపి, నీడన కుప్ప పోసి, తడి ఆరకుండా వారం పది రోజులు ఉంచితే ఆ మేలుచేసే శిలీంధ్రం కుప్ప అంతటా వృద్ధి చెందుతుంది. దానిని ఆఖరి దుక్కిలో చల్లితే నారుకుళ్ళు, ఎండు తెగుళ్ళు తగ్గుతాయి. మురుగు కాలువ నీటితో ఆకుకూరలు పండించేవారికి నా విన్నపం ఒక్కటే: ఆ నీటిలో ఉన్నది కేవలం ఎరువు కాదు. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనాల మీదకు దానిని పారించవద్దు.

నాలుగవది పొరుగు పంటల ఏర్పాటు. బెండకు ప్రధాన శత్రువు పల్లాకు తెగులు. అది వైరస్. తెల్లదోమ దానిని మోస్తుంది. డెంగీ దోమ పద్ధతే ఇక్కడా. వైరస్ సోకిన మొక్కను ఏ మందూ బాగుచేయలేదు. దోమను రానీయకపోవడమే చికిత్స. మడి చుట్టూ రెండు, మూడు వరుసల జొన్న గాని, మొక్కజొన్న గాని బెండ కంటె ముందుగా విత్తితే అది గోడలా నిలుస్తుంది. తెగులును తట్టుకొనే రకం విత్తనాన్ని ఎంచుకొని, పసుపు రంగు జిగురు అట్టలను మొలక దశలోనే నిలబెట్టి, తెగులు సోకిన తొలి మొక్కను కనబడిన రోజే పీకి తగలబెట్టాలి. టమాటాకు బంతి రక్ష. 16 వరుసల టమాటాకు ఒక వరుస బంతి నాటితే కాయతొలుచు పురుగు తల్లి బంతి పూల వైపు ఆకర్షింపబడుతుంది. అయితే నాటే నాటికి టమాటా నారు 25 రోజులది, బంతి నారు 45 రోజులది కావాలి. అప్పుడే రెండూ ఒకేసారి పూతకు వస్తాయి. అంటే టమాటా విత్తడానికి 20 రోజుల ముందే బంతి విత్తనం పోయాలి. ముందు చూపు లేనివానికి ఈ రక్షణ ఏ ధర పెట్టినా దొరకదు. నేను చెప్పదలచినదానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

ఐదవది వేప. 5 కిలోల వేపగింజల పొడిని 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, 100 లీటర్లకు నీరు చేర్చి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపితే ఐదు శాతం కషాయం తయారవుతుంది. పురుగు కనిపించిన తొలి రోజులలోనే దీనిని సాయంత్రం పూట చల్లితే పని చేస్తుంది. మడి నిండా పురుగు విస్తరించిన తరువాత దీని మీద ఆశ పెట్టుకొని, తరువాత వేపను నిందించడం న్యాయం కాదు.

తప్పనిసరి అయినప్పుడు

రసాయనమే తాకరాదని శపథం చేయించే ఉద్దేశం నాకు లేదు. అప్పు తెచ్చి పంట వేసిన మనిషికి ఉపదేశం అన్నం పెట్టదు. మందు తప్పనిసరి అయితే దానిని పూతకు ముందు దశలోనే ముగించేటట్లు ప్రణాళిక వేసుకోండి. డబ్బా మీది త్రికోణం రంగు చూడండి. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు దాని తరువాతది, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ అన్నిటికంటె తక్కువ. కూరగాయల మడిలో ఎరుపు, పసుపు త్రికోణాలకు చోటు ఉండరాదన్నది నా దృఢమైన అభిప్రాయం. దోస, సొర, బీర వంటి తీగజాతి మీద గంధకం మందులు చల్లవద్దు, ఆకులు మాడిపోతాయి. రెండు, మూడు మందులు కలిపి కొట్టవద్దు. నిండు చేతుల చొక్కా, తలగుడ్డ, ముఖానికి మాస్కు, రబ్బరు తొడుగులు ఉండాలి. ఉదయపు చల్లదనంలో, గాలి వాలును అనుసరించి కొట్టాలి. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదవద్దు. ఆ బట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతకవద్దు. ఖాళీ డబ్బాను చిల్లులు పెట్టి పనికిరాకుండా చేయండి. మంచినీళ్ళ సీసాలో మందు పోసి ఉంచడం కంటె ప్రమాదకరమైన అలవాటు మరొకటి లేదు.

నేల సిద్ధం చేసేటప్పుడు మీ శరీరాన్ని కూడా సిద్ధం చేసుకోండి. ధనుర్వాతం టీకా వేయించుకొని పదేళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోండి. మోళ్ళ కుప్పలు తొలగించేటప్పుడు, వేకువన నీరు పెట్టేటప్పుడు కాళ్ళకు బూట్లు, చేతిలో టార్చి ఉంటే పాముకాటు ముప్పు తగ్గుతుంది.

కొనేవారి వంతు

ఇంతవరకు రైతుకు చెప్పాను. ఇప్పుడు పట్టణంలో ఉన్న మీకు చెబుతున్నాను. నవనవలాడుతూ, ఒక్క మచ్చ లేకుండా, అన్నీ ఒకే కొలతలో ఉన్న వంకాయలనే ఏరుకొంటాము. పుచ్చు కనిపిస్తే ధర తగ్గించమంటాము. మన చూపు రైతు చేతిలోని పంపును నడిపిస్తున్నది. కిలోలో ఒకటి, రెండు పుచ్చు కాయలు వస్తే కోసి పారవేయవచ్చు. కాయ రసంలో కలిసిన మందును కోసి పారవేయలేము. 1999 నుంచి మనకు రైతు బజార్లు ఉన్నాయి. పండించినవారే ఎదురుగా కూర్చొంటారు. “ఈ మడిలో ఆఖరిసారి మందు ఎప్పుడు కొట్టారండీ?” అని మర్యాదగా అడగండి. పది మంది అడిగితే అది సంత మాట అవుతుంది. జాగ్రత్తగా పండించిన రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వడానికి వెనుకాడకండి. మందుల ఖర్చుతో పోలిస్తే అది స్వల్పం.

ప్రభుత్వాల వంతు కూడా ఉన్నది. నేడు చిన్న రైతుకు అందుబాటులో ఉన్న ఏకైక సలహాదారు చాలా ఊళ్ళలో మందుల దుకాణదారు. మందు అమ్ముకొని బతికేవానిని మందు అవసరమా అని అడిగితే ఏమి సమాధానం వస్తుంది? మట్టి పరీక్ష ఫలితం, ట్రైకోడెర్మా, జిగురు అట్టలు విత్తే నాటికి ఊరిలో దొరకాలి. మార్చిలో అందితే నిష్ప్రయోజనం. ఖమ్మం ప్రాంతంలోని పునుకుల, జనగామ ప్రాంతంలోని ఏనబావి వంటి చిన్న గ్రామాలు పురుగుమందులు లేకుండా సేద్యం సాగించి దాదాపు రెండు దశాబ్దాల కిందటే దారి చూపాయి. ఊరంతా ఒక మాట మీద ముందుగా సిద్ధం కావడమే వారి బలం.

ఇది చదివి ఎవరూ కూరగాయలు తినడం తగ్గించవద్దు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలలో పెద్దవారికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు సూచించింది. మనలో చాలామంది కంచాలు దానికి దూరంగా ఉన్నాయి. రక్తహీనతకు, మధుమేహానికి, మలబద్ధకానికి కూరలేని కంచం ఇచ్చే ఊతం తక్కువది కాదు. భయపడి కూర మానడం పరిష్కారం కాదు. భయపడనవసరం లేని కూరను పండించుకోవడం, పండించేవారికి అండగా నిలవడం పరిష్కారం.

మీకు ఊరిలో మడి ఉంటే ఈ వారమే మట్టి తీయించండి, ఆ తరువాత బంతి విత్తనం పోయించండి. మడి లేకపోతే, ఊరిలో మడి ఉన్న బంధువుకు ఫోన్ చేసి ఈ మాట చెప్పండి. విత్తడానికి గడువు ఫిబ్రవరి నెలాఖరు.